యంత్రం మనది, పెత్తనం ఎవరిది?

2025 అక్టోబరు 14వ తేదీన మైక్రోసాఫ్ట్ కంపెనీ తన విండోస్ 10కు పోషణ ఆపివేసింది. విండోస్ అనేది ఆపరేటింగ్ సిస్టమ్. అంటే కంప్యూటరులోని తక్కిన కార్యక్రమాలన్నిటినీ నడిపించే మూల కార్యక్రమం. పోషణ ఆగిపోయినంత మాత్రాన ఆ రోజు యంత్రాలేవీ ఆగిపోలేదు. అవి ముందురోజు ఎంత బాగా పనిచేశాయో మర్నాడూ అంత బాగానే పనిచేశాయి. కాని ఆనాటినుంచి ఆ కార్యక్రమంలో బయటపడే లోపాలను, దొంగలు దూరే కంతలను కంపెనీ మామూలుగా పూడ్చదు. డబ్బు కట్టినవాళ్లకూ, తాను పెట్టిన షరతులు ఒప్పుకున్నవాళ్లకూ కొంత గడువు ఇస్తుంది. తక్కినవాళ్లు విండోస్ 11కు మారిపోవాలి. మారాలంటే యంత్రంలో టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్ వుండాలి. ఇంటెల్ ప్రాసెసరయితే అది ఎనిమిదవ తరానిదో, ఆ తరవాతిదో అయివుండాలి. అంటే సుమారు 2017కు ముందు తయారైన యంత్రాలకు ఆ గడపలో ప్రవేశం లేదు.

నేను పాఠాలు చెప్పే కళాశాల మదనపల్లె దగ్గర వుంది. అక్కడి కంప్యూటర్ గదిలోని యంత్రాలు చాలావరకు 2016లో కొన్నవి. ఒక్కటీ చెడిపోలేదు. అయినా అవి పాతవైపోయాయి గనక అమ్మివేసి కొత్తవి కొనాలనే ప్రతిపాదన వచ్చింది. కొనడానికి డబ్బు లేదు గనక ప్రతిపాదన ఆగింది గాని, వుంటే ఈపాటికి అవి పాతసామాన్ల అంగడి చేరివుండేవి. అవి పాతబడ్డాయని నిర్ణయించినది ఎవరు? వాటిమీద నేర్చుకునే విద్యార్థి కాదు, నేర్పే ఉపాధ్యాయుడు కాదు, బాగుచేసే మెకానిక్కు కూడా కాదు. మనం ఎన్నడూ చూడని ఒక కంపెనీ నిర్ణయించింది. యంత్రం మనది, కొన్న డబ్బు మనది, కరెంటు బిల్లు మనది. దాని ఆయుర్దాయం మాత్రం కంపెనీ చేతిలో వుంది.

ఆ యంత్రాలమీదే లినక్స్ పెట్టుకోవచ్చు గదా అని మా సమావేశంలో ఒక యువ అధ్యాపకుడు అన్నాడు. దానిమీద గంటసేపు చర్చ జరిగింది. మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది తమను అభ్యుదయవాదులుగా భావించుకునేవాళ్లే. వాళ్ల వాదాలు విన్న తరవాత, యంత్రాలకన్నా మన ఆలోచనలకే మరమ్మతు అవసరమని నాకు తోచింది. ఆ వాదాలు మూడు. వాటిని పరిశీలించడమే ఈ వ్యాసం పని.

అంతకుముందు లినక్స్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. కార్యక్రమాన్ని వాడే ప్రతివాడికీ దాన్ని ఏ పనికైనా వాడుకునే హక్కు, దాని మూలరచన చదివే హక్కు, మార్చుకునే హక్కు, పదిమందికి పంచే హక్కు వుండాలనే సంకల్పంతో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే ఉద్యమం ప్రకటించాడు. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి భాగం, రాసి, మరుసటి సంవత్సరం దాన్ని గ్నూ లైసెన్సు కింద విడుదల చేశాడు. ఈ లైసెన్సులో గట్టి షరతు ఒకటి వుంది: నువ్వు దీన్ని మార్చి ఇతరులకు ఇస్తే, నీకు దక్కిన హక్కులన్నీ వాళ్లకూ దక్కాలి. ఊరుమ్మడి చెరువులో నీళ్లు తోడుకో, కావాలంటే పూడిక తియ్యి, కాని చుట్టూ గోడ కట్టకు అన్నమాట. అప్పటినుంచి వేలాదిమంది, ఎన్నో దేశాలవాళ్లు కలిసి దీన్ని పెంచారు.

ఇక వాదాల సంగతి.

మొదటి వాదం ఇది: "మన ఊళ్లలో విండోస్‌కు డబ్బిచ్చేవాడు ఎవడు? అందరివీ దొంగకాపీలే. డబ్బే ఇవ్వనప్పుడు దోపిడీ ఎక్కడ వుంది?" చెప్పిన పెద్దమనిషి దీన్ని ఒక సామ్రాజ్యవాద వ్యతిరేక చర్యగానే చెప్పాడు. కంపెనీ సొమ్ము ఎగ్గొడుతున్నాం గనక మనం దాన్ని కొల్లగొడుతున్నట్టు ఆయన భావన.

ఇంతకన్నా అమాయకమైన భావన వుండదు. 1998లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ బిల్ గేట్స్ చైనా సంగతి ప్రస్తావించాడు. అక్కడివాళ్లు సాఫ్ట్‌వేరుకు డబ్బివ్వరు, దొంగిలిస్తారు. ఎలాగూ దొంగిలించేటట్టయితే మాదే దొంగిలించాలి. వాళ్లకు అలవాటైన తరవాత రాబోయే పదేళ్లలో వసూలు చేసే దారి మేము చూసుకుంటాం అనే భావం ఆయన దాచుకోకుండా చెప్పాడు. సారా వ్యాపారి కూడా మొదటి గ్లాసు ఊరికే పోస్తాడు. తాగినవాడు తానే లాభపడ్డానని ఇంటికి పోయి గొప్పలు చెప్పుకుంటాడు.

ఈ అలవాటు ఎలా అవుతుందో చూడాలంటే మదనపల్లె నుంచి పుంగనూరు వచ్చి బజారు వీధిలో బోర్డులు చదివితే చాలు. కంప్యూటర్ నేర్పుతామని ఎవరూ రాయరు. ఎం.ఎస్. ఆఫీస్, టాలీ, ఫొటోషాప్ నేర్పుతామని రాస్తారు. అంటే అక్కడ విద్య పేరు సరుకు పేరుగా మారిపోయింది. పల్లెనుంచి బస్సెక్కి వచ్చిన పిల్ల, తండ్రి అప్పుచేసి తెచ్చిన డబ్బు ఫీజుగా కట్టి, ఒక కంపెనీ సరుకుకు తగిన చేతివేళ్లు తయారుచేసుకుంటుంది. పనివాళ్లకు తర్ఫీదు ఇచ్చే ఖర్చు పూర్వం యజమాని భరించేవాడు. ఇప్పుడు ఆ ఖర్చు పనివాడి తండ్రే భరిస్తున్నాడు. పైగా అమ్మేవాడి సరుకుకు అక్కడే గిరాకీ కూడా పుడుతోంది. రేపు ఆ పిల్లకు ఉద్యోగమిచ్చే ఆఫీసు, తన గుమాస్తాలకు మరొకటి రాదు గనక, అదే సరుకు లైసెన్సు డబ్బిచ్చి కొంటుంది. దొంగకాపీ ఈ వర్తకానికి శత్రువు కాదు. జీతం లేని ఏజెంటు.

మన ప్రాంతపు టమాటా రైతుకు ఈ విషయం ఉపన్యాసం చెప్పి బోధించనక్కరలేదు. సంకర విత్తనం వేసినవాడు పండిన కాయలోనుంచి గింజ తీసి దాచుకుంటే లాభం లేదు. మరుసటి పంటలో ఆ గుణం నిలవదు. కనుక ప్రతి పంటకూ అంగడికి పోయి కంపెనీ సంచి కొనాలి. భూమి తనది, చాకిరీ తనది, మదనపల్లె మార్కెట్టులో ధర పడిపోతే నష్టమూ తనదే. విత్తనం మాత్రం తనది కాదు. మొదటి సంచి ఉచితంగా ఇచ్చినంత మాత్రాన రైతు స్వతంత్రుడవుతాడా? దిగుబడి పెరిగిందా లేదా అనేది వేరే ప్రశ్న, పెరిగే వుండవచ్చు. మనం అడగవలసినది, మళ్లీ విత్తే శక్తి ఎవరి చేతిలో వుంది అనేది.

ఈ పెత్తనం ఉత్త ఊహ కాదని 2025 జులైలో రుజువైంది. గుజరాత్‌లోని వాడినార్‌లో చమురు శుద్ధిచేసే నయారా ఎనర్జీలో రష్యా కంపెనీ రాస్‌నెఫ్ట్‌కు 49 శాతం వాటా వుంది. యూరోపియన్ యూనియన్ దానిమీద ఆంక్షలు ప్రకటించగానే, భారతదేశంలో నడుస్తున్న ఆ సంస్థకు మైక్రోసాఫ్ట్ మెయిలు వగైరా సేవలు నిలిపివేసింది. నయారా ఢిల్లీ హైకోర్టుకు పోయింది. ఆ నెలాఖరుకు సేవలు తిరిగివచ్చాయి. ఒక చమురు కంపెనీ కోసం మనం కన్నీరు కార్చనక్కరలేదు. కాని డబ్బిచ్చి కొనుక్కున్నవాడికే, మన దేశపు చట్టం ఏదీ ఉల్లంఘించకపోయినా, అంత సులభంగా తలుపు మూసుకుపోతే, దొంగకాపీ వాడేవాడు ఏ కోర్టుకు పోతాడు?

రెండవ వాదం సాహిత్యం బోధించే మిత్రులది. "ఇది సాంకేతిక విషయం. సైన్సువాళ్లు చూసుకుంటారు. మనం రచయితలం, మనకెందుకు?"

రచయితకు అక్షరంతో పని వుంటే ఈ విషయంతోనూ పని వుంది. మన జిల్లాల్లో ఈనాటికీ చాలా కరపత్రాలు, సావనీర్లు, కవితా సంపుటాలు పేజ్‌మేకర్‌లో తయారవుతున్నాయి. ఆ కార్యక్రమపు చివరి రూపం 2001లో వచ్చింది. అమ్మిన కంపెనీయే దాన్ని ఎప్పుడో వదిలేసింది. అందులో వాడే డి.టి.పి. ఫాంట్లలో తెలుగు అక్షరం తెలుగు అక్షరంగా వుండదు. ఇంగ్లీషు అక్షరాలకూ చిహ్నాలకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చునివుంటాయి. ఆ ఫాంటు వున్నంతసేపు కంటికి తెలుగు. అది లేని యంత్రంలో తెరిస్తే, అర్థంలేని ఇంగ్లీషు గీతల గుంపు. ఒక కంపెనీ ఫాంటులో కొట్టినది మరొక కంపెనీ ఫాంటులో చదవరాదు.

కొన్నేళ్ల కిందట అచ్చయిన నా వ్యాసమొకటి మళ్లీ అవసరమై, దాన్ని కంపోజు చేసిన అబ్బాయిని అడిగాను. "ఫైలుండాది సార్. తెరిస్తే తెలుగు రాలేదు. ఆ పాత సిస్టం పోయింది, ఆ ఫాంటూ పోయింది. మళ్లా మొదట్నించీ కొట్టాల్సిందే" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. వ్యాసం నాది, అచ్చుకు చందా ఇచ్చినది పాఠకులు, వేళ్లు నొప్పిపుట్టేలా కొట్టినది ఆ అబ్బాయి. తాళంచెవి మాత్రం మా ముగ్గురిలో ఎవరి దగ్గరా లేదు. పాత తాళపత్రాలను చెదలు తిన్నాయని వాపోయే మనం, మన కాలపు రచనలను మన చేతులతోనే చెదలకు వేస్తున్నాం.

దీనికి విరుగుడు లేదా? వుంది, ఎప్పుడో వచ్చింది. ప్రపంచభాషల అక్షరాలన్నిటికీ వేరువేరు స్థానాలిచ్చిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లను ఎవరైనా వాడుకోవచ్చు, పంచవచ్చు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవాళ్లు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేశారు. ఆ పనికి ఇంజనీరింగు విద్యార్థులు తోడ్పడ్డారు. తెలుగు అక్షరాన్ని తెరమీద వత్తులతో గుణింతాలతో సరిగా కూర్చే హార్ఫ్‌బజ్ అనే పరికరం కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. మీ ఫోనులో తెలుగు చదువుతున్నప్పుడు మీకు తెలియకుండానే అది పనిచేస్తూ వుండవచ్చు. వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి చేసిన పోరాటాన్ని మనం ఏటా సభల్లో స్మరిస్తాం. ఆయన భాషను పండితుల పెట్టెలోనుంచి బయటికి తెచ్చాడు. ఆ భాష అక్షరాలు మరొక పెట్టెలో ఇరుక్కుంటే, అది సైన్సువాళ్ల సంగతి అనడం స్మరణ అనిపించుకోదు.

మూడవ వాదం మిగిలిన రెండింటికన్నా ఆకర్షణీయమైనది, కనుక ప్రమాదకరమైనది. లినక్స్ ప్రేమికుల వాదం అది: "లినక్స్ ఉచితం, లినక్స్ అందరిదీ. దాన్ని యంత్రంలో ఎక్కిస్తే సరి, బంధాలు తెగిపోతాయి." దానికి జవాబుగా ఒక సీనియర్ మిత్రుడు, "లినక్స్ కూడా కంపెనీలదేనయ్యా. కనుక అదైతేనేం, ఇదైతేనేం?" అన్నాడు. ఇవి రెండూ ఒకే నాణానికి రెండు వైపులు. విముక్తి అనేది సరుకులో వుంటుందని ఇద్దరూ నమ్ముతున్నారు. ఒకాయన వుందంటాడు, మరొకాయన లేదంటాడు.

సీనియర్ మిత్రుడు చెప్పిన సంగతులు అబద్ధాలు కావు. 2001లో లినక్స్‌ను క్యాన్సరుతో పోల్చినవాడు మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్. 2016లో అదే మైక్రోసాఫ్ట్ లినక్స్ ఫౌండేషన్‌లో సభ్యురాలైంది. లినక్స్ వ్యాపారంలో పేరుమోసిన రెడ్ హ్యాట్‌ను ఐ.బి.ఎం. 2019లో 3400 కోట్ల డాలర్లకు కొన్నది. మన విద్యార్థుల జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలో వున్నది లినక్స్ కెర్నలే. ఆ ఫోను పట్టుకున్న విద్యార్థి స్వతంత్రుడా? ఆ కెర్నల్ మీద గూగుల్ కట్టిన మేడలో అతను అద్దెకున్నాడు. అద్దె డబ్బు రూపంలో కాక, తన చూపులూ తన రహస్యాలూ రూపంలో చెల్లిస్తున్నాడు. కనుక లినక్స్ అనే పేరే మంత్రం కాదు. ఇది ఒప్పుకోకుండా చేసే ప్రచారం ప్రచారమే గాని విమర్శ కాదు.

అయితే ఏది ముఖ్యం? దీనికి సమాధానం మన దారిలోనే వుంది. పుంగనూరు నుంచి పలమనేరు మీదుగా కుప్పం పోదాం.

2002 ఫిబ్రవరిలో హ్యూలెట్ పాకార్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో "ఐ-కమ్యూనిటీ" అనే పథకం ప్రారంభించాయి. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సొంత నియోజకవర్గం అది. సుమారు మూడు లక్షల జనాభా; తెలుగు, తమిళం, కన్నడం కలిసే మూల; వానలు సరిగా పడని నేల. అక్కడ సమాచార కేంద్రాలు వెలిశాయి. స్వయంసహాయక బృందాల స్త్రీలకు డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో నడిచే చిన్న ప్రింటర్లు ఇచ్చి గ్రామ ఫొటోగ్రాఫర్లుగా తయారుచేశారు. ఆ స్త్రీలు చురుకుగా నేర్చుకున్నారు, నాలుగు డబ్బులు సంపాదించారు కూడా. అది కాదనడం అన్యాయం.

కాని ఆ పథకాన్ని నడిపినవాళ్లు దాన్ని గురించి ఏమన్నారో చూడండి. 2003 ఆగస్టులో ఆ కంపెనీ ఉన్నతాధికారిణి డెబ్రా డన్ మరొకరితో కలిసి హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో కుప్పం గురించి వ్యాసం రాసింది. దాని పేరును తెలుగులో చెప్పాలంటే "సూక్ష్మ పెట్టుబడిదారీ విధానమూ, మహా కార్పొరేషనూ". మన విమర్శకులెవరో వెక్కిరించడానికి పెట్టిన పేరు కాదది. వాళ్లు గర్వంగా పెట్టుకున్నదే. పేదల మధ్య పనిచేస్తే కొత్త సరుకులకు ఆలోచనలు, కొత్త మార్కెట్లకు దారులు దొరుకుతాయన్నది ఆ వ్యాసం సారాంశం. కుప్పం వాళ్లకు సజీవ ప్రయోగశాల. ప్రయోగశాలలో ఎలుక ఆరోగ్యం బాగుపడవచ్చు. అయినా ప్రయోగం ఎలుకది కాదు.

మూడేళ్ల గడువు పెట్టుకున్న ప్రయోగం అది. 2004లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2005 ఫిబ్రవరిలో ఇటువంటి పథకాలను ప్రోత్సహించిన కంపెనీ అధినేత్రి కార్లీ ఫియోరినా పదవి పోయింది. గడువు తీరింది, కంపెనీ తప్పుకుంది. అది వచ్చేటప్పుడు కుప్పం జనాన్ని అడిగి రాలేదు. పోయేటప్పుడూ అడిగి పోలేదు.

లినక్స్ ప్రేమికులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం మరొకటి వుంది. అదే కంపెనీ దక్షిణాఫ్రికాలోని మొగలక్వేనాలో కుప్పానికి అక్కగానో చెల్లెలుగానో ఇటువంటి పథకాన్నే నడిపింది. అక్కడి పాఠశాలల కోసం 441 అనే ఏర్పాటు తయారుచేసింది: ఒకే యంత్రానికి నాలుగు తెరలు, నాలుగు కీబోర్డులు, నలుగురు పిల్లలు ఒకేసారి పనిచేయవచ్చు. అది నడిచినది లినక్స్ మీద. తెలివైన ఏర్పాటే, పేద బడికి ఎంతో పనికొచ్చేదే. కాని అది కంపెనీ జాబితాలో ఒక సరుకు. సరుకును అమ్మాలా మానాలా అనేది అమ్మేవాడి ఇష్టం. లినక్స్ వున్నంత మాత్రాన ఆ ఇష్టం పిల్లల చేతికి రాలేదు.

కుప్పం చెప్పే పాఠం ఇదే: పైనుంచి వచ్చినది పైకే పోతుంది. వచ్చినది విండోసా, లినక్సా అనేది రెండవ ప్రశ్న. దాన్ని నిలబెట్టే, బాగుచేసే, మార్చే శక్తి ఇక్కడ ఎవరికైనా ఏర్పడిందా అనేది మొదటి ప్రశ్న. లినక్స్ గొప్పతనమంతా ఆ శక్తి ఏర్పడటానికి అది అడ్డుపడకపోవడంలో వుంది. విండోస్‌లో మూలరచన చూడటమే నిషిద్ధం. కనుక మన విద్యార్థి ఎంత మేధావి అయినా వాడకందారుగానే మిగిలిపోతాడు. లినక్స్‌లో తలుపు తెరిచే వుంటుంది. కాని తెరిచివున్న తలుపు తనంతట తాను ఎవరినీ లోపలికి నడిపించదు. నడవవలసినది మనం. "అదైతేనేం, ఇదైతేనేం" అనే మిత్రుడు తాళం వేసిన తలుపుకూ తాళం వేయని తలుపుకూ భేదం లేదంటున్నాడు. "ఎక్కిస్తే సరి" అనే మిత్రుడు తలుపు చూసి, ఇల్లు చేరామని అనుకుంటున్నాడు.

నడిచినవాళ్లు ఎక్కడో లేరు, మన దేశంలోనే వున్నారు. కేరళలో 2001లో పాఠశాలలకు కంప్యూటర్ విద్య తెచ్చే పథకం మొదలైంది. ఆ ఏడాదే తిరువనంతపురంలో భారత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ప్రారంభమైంది. మొదట్లో అక్కడి పాఠ్యపుస్తకమూ మైక్రోసాఫ్ట్ సరుకుల చుట్టూనే తిరిగింది. దాన్ని ఎదిరించినది సాఫ్ట్‌వేర్ నిపుణులు మాత్రమే కాదు, ఉపాధ్యాయ సంఘం. ఒక కంపెనీ సరుకును ప్రభుత్వ బడిలో పాఠంగా చెప్పడానికి మేము జీతాలు తీసుకోవడం లేదని వాళ్లు వాదించారు. వాదించి వూరుకోలేదు. ఉపాధ్యాయులే నేర్చుకుని, తోటి ఉపాధ్యాయులకు నేర్పారు. మలయాళం బోధించే టీచరు, లెక్కల టీచరు శిక్షకులయ్యారు. తమ బడులకు తగినట్టు లినక్స్‌ను కూర్చుకున్నారు. కొన్నేళ్లలో పదవ తరగతి ఐ.టి. పరీక్ష స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీదే జరగసాగింది. ప్రభుత్వాలు మారినా అది నిలిచింది.

దీనికి ఎదురుగా జర్మనీలోని మ్యూనిక్ నగరాన్ని చూడండి. 2003లో ఆ నగరసభ తన కార్యాలయాలను లినక్స్‌కు మార్చాలని తీర్మానించింది. మార్చకుండా ఆపడానికి బామర్ స్వయంగా వచ్చి మేయరును కలిశాడు. అయినా మార్చారు, 2013 నాటికి పని పూర్తిచేశారు. 2017లో నగరసభలో మెజారిటీ మారిన మనసుతో విండోస్‌కు తిరిగిపోవాలని తీర్మానించింది. తీర్మానంతో వచ్చినది తీర్మానంతో పోయింది. కేరళ ఉపాధ్యాయులు గెలుచుకున్నదాన్ని తీర్మానంతో తీసివేయాలంటే ముందు ఆ ఉపాధ్యాయులను దాటిపోవాలి. భేదం అక్కడ వుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ మధ్య లినక్స్‌కు స్వదేశీ తిలకం దిద్దే ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి. పుంగనూరులో ఒక మిత్రుడు లినక్స్‌ను పుంగనూరు ఆవుతో పోల్చాడు: పొట్టిది, మేత తక్కువ, పాలు చిక్కన, మన నేలకు తగినది. పోలిక సగం నిజం. తక్కువ మేతతో పాత యంత్రాన్ని నడిపించే గుణం లినక్స్‌కు వుంది. కాని ఆ ఆవు కథలో రెండవ సగం కూడా వుంది. బీదరైతు కొట్టంలో అది దాదాపు అంతరించిన తరవాత, ధనవంతుల ముంగిళ్లలో అలంకారమై లక్షల ధర పలుకుతోంది. స్వదేశీ జాతి అయినంత మాత్రాన అది రైతు దగ్గర నిలవలేదు. అలాగే సి-డాక్ సంస్థ 2007లో విడుదల చేసిన "బాస్" అనే భారతీయ ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ అనే అంతర్జాతీయ సమష్టికృషి మీద కట్టినది. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు, దాచిపెట్టవలసినదీ లేదు. ఫిన్లాండు విద్యార్థి, బ్రెజిల్ ఇంజనీరు, హైదరాబాదు కుర్రవాడు ఒకరి ముఖం ఒకరు చూడకుండా కలిసి కట్టిన వస్తువిది. దేశం పేరు చెప్పి దీనికి గోడ కట్టడమంటే కంపెనీ చేసే పనినే జెండా కప్పి చేయడం.

సరే, మా కళాశాలలో ఏమి చేయాలి? మన ఊళ్లలో ఏమి చేయాలి?

మొదట కష్టాలు ఒప్పుకుందాం. టాలీ లినక్స్ మీద సరిగా నడవదు. లెక్కల గుమాస్తా పని నేర్చుకునే పిల్లకు అది కావాలి. పాత డి.టి.పి. ఫైళ్లు తెరవడానికి పాత యంత్రం ఒకటి వుండాలి. కొన్ని ప్రింటర్లు మొరాయిస్తాయి. కొన్ని ప్రభుత్వ పనులకు డిజిటల్ సంతకాలు పెట్టేటప్పుడు చిక్కులొస్తాయి. వీటికోసం గదిలో ఒకటి రెండు విండోస్ యంత్రాలు మూలన వుంటే సిద్ధాంతం మైలపడదు. కష్టాలు లేవని చెప్పి మొదటివారంలోనే విద్యార్థిని విసిగించేవాడు, లినక్స్‌కు మైక్రోసాఫ్ట్ కన్నా పెద్ద శత్రువు.

అయితే మిగిలిన యంత్రాలకు ఈ అడ్డంకులేవీ లేవు. మొదట ఉపాధ్యాయులు నేర్చుకోవాలి; ఒక సెలవుల్లో, సగం యంత్రాలమీద. తరవాతి సెమిస్టరులో పిల్లలకు. పరీక్షపత్రంలో ఒక కంపెనీ సరుకు పేరు రాయకుండా, ఉత్తరం తయారుచేయి, పట్టిక వెయ్యి, లెక్క కట్టు అని అడగాలని పాఠ్యప్రణాళిక సంఘాలముందు పట్టుబట్టాలి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్లలో చదువుకునే విద్యార్థులు కలిసి ఆదివారాల్లో పాత యంత్రాలు బాగుచేసే బృందం పెట్టుకోవచ్చు. తుక్కుకు పోయే యంత్రం ఒక పల్లె బడికి చేరుతుంది, చేర్చినవాడికి తాళం లోపలి రహస్యం తెలుస్తుంది.

అన్నిటికన్నా ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలి. ప్రపంచీకరణ మీద నిప్పులు కక్కే మన తీర్మానాలు ఏ కార్యక్రమంలో టైపవుతున్నాయి? మన సంఘాల మినిట్సు, సభ్యత్వ పట్టికలు ఏ కంపెనీ పెట్టెల్లో వున్నాయి? ఎవరైనా చదవగలిగే ఓపెన్ డాక్యుమెంట్ పద్ధతి 2006లోనే అంతర్జాతీయ ప్రమాణమైంది. మనం ఎందుకు వాడం? వ్యాసాలను యూనికోడ్‌లోనే పంపాలని, అలాగే భద్రపరచాలని ఈ పత్రికతో సహా మన పత్రికలన్నీ నియమం పెట్టుకోవడానికి అడ్డమేమిటి? డబ్బు అడ్డం కాదు. ఇందులో ఖర్చు లేదు. విజ్ఞానం అడ్డం కాదు. మన విద్యార్థులకు తెలుసు. అడ్డం అలవాటు ఒక్కటే. మన అలవాటు మీద లెక్కవేసుకునే గదా ఆ కంపెనీ 1998లోనే అంత నిశ్చింతగా మాట్లాడగలిగింది!

మా సమావేశం ఏ నిర్ణయమూ లేకుండా ముగిసింది. మళ్లీ కూర్చోబోతున్నాం. యంత్రాలు మాత్రం ఇంకా గదిలోనే వున్నాయి, చక్కగా పనిచేస్తున్నాయి. వాటికి మరణశాసనం రాసినవాడు వాటిని ఎన్నడూ చూడలేదు. దానిమీద సంతకం పెట్టవలసినది మాత్రం మనమే. పెడదామా, మానుదామా?